గ్రహణం లేని రోజు రోకలి నిలబెట్టాలి: ఒక గ్రహణ వీక్షణ కార్యక్రమం కేస్ స్టడీ

జన విజ్ఞాన వేదిక 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన స్వచ్ఛంద సంస్థ. పిల్లల కోసం ‘చెకుముకి’ మాసపత్రిక, బడుల్లో సైన్స్ సంబరాలు, అక్షరాస్యత ఉద్యమంలో పని, ‘మహిమల’ గుట్టు విప్పే ప్రదర్శనలు దాని పనుల్లో కొన్ని. ఇలాంటి సంస్థకు ఏడాది పొడవునా చేసే ఉపన్యాసాలన్నీ కలిపినా రానంత మంది ఒక్క పూటలో వచ్చేది సూర్యగ్రహణం రోజునే. ఆ రోజు రాష్ట్రమంతా ఆకాశం వంకే చూస్తుంది, లేదా చూడకూడదని తలుపులు వేసుకుంటుంది. రెండింటిలో ఏదైనా గ్రహణం గురించి మాట్లాడుకోవడమే.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది 2019 డిసెంబర్ 26 నాటి గ్రహణం. గురువారం, మార్గశిర అమావాస్య. కేరళలోని కాసరగోడ్ నుంచి తమిళనాడులోని కోయంబత్తూరు, దిండిగల్ మీదుగా సాగిన సన్నటి దారిలో అది కంకణ గ్రహణం, అంటే చంద్రుడి చుట్టూ సూర్యుడు ఉంగరంలా మిగిలేది. తెలుగు రాష్ట్రాల్లో పాక్షికం. హైదరాబాద్‌లో ఉదయం 8 దాటాక పట్టు, 9:30 ప్రాంతంలో మధ్యకాలం, 11 దాటాక విడుపు. మధ్యకాలంలో సూర్యుడి అడ్డుకొలతలో ముప్పాతిక వంతు దాకా మూసుకుపోయింది. కింది లెక్కలు హైదరాబాద్ అక్షాంశానికి, సుమారు 500 మంది వచ్చే ఒక హైస్కూలు ఆవరణకు వేసినవి. నెల్లూరుకో శ్రీకాకుళానికో వాడేటప్పుడు కోణాలు, సమయాలు మార్చుకోవాలి. పద్ధతి అదే.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇలాంటి కార్యక్రమం ఎక్కువసార్లు దెబ్బతినేది మబ్బుల వల్ల కాదు, పోలిక లేకపోవడం వల్ల. గ్రహణం పట్టిన వేళే రోకలి నిటారుగా నిలబడుతుందని ఊళ్ళలో నమ్మకం. ఆ రోజు నిలబడింది, నిజమే. మామూలు రోజు నిలబడుతుందో లేదో ఎవరూ చూడలేదు. గ్రహణం రోజు చల్లబడింది, అదీ నిజమే. ముందురోజు అదే గంటకు ఎంత ఉందో ఎవరూ రాసిపెట్టుకోలేదు. అందుకే పనిలో ముప్పాతిక భాగం గ్రహణానికి ముందున్న రెండు వారాల్లోనే ఉంటుంది.

స్థలం: నీడ లెక్క

చాలా చోట్ల ముందురోజు సాయంత్రం వెళ్ళి ‘మైదానం బాగానే ఉంది’ అనుకుని వచ్చేస్తారు. మర్నాడు 8 గంటలకు చూస్తే సగం మైదానం బడి నీడలోనే ఉంటుంది. డిసెంబర్ చివర్లో ఉదయం 8:10కి హైదరాబాద్‌లో సూర్యుడి ఎత్తు సుమారు 17 డిగ్రీలే. అప్పుడు 4 మీటర్ల ఎత్తున్న ఒకంతస్తు భవనం నీడ 13 మీటర్ల దాకా పడుతుంది. 8 మీటర్ల రెండంతస్తుల భవనం నీడ 25 మీటర్లు దాటుతుంది. 9:30కి ఎత్తు 32 డిగ్రీలకు, విడుపు వేళకు 46 డిగ్రీలకు చేరుతుంది. దిక్కు మొత్తం ఆగ్నేయమే. కాబట్టి ఆగ్నేయం వైపు కనీసం 30 మీటర్లు ఖాళీగా ఉండాలి, చెట్లు గానీ వాటర్ ట్యాంకు గానీ అడ్డు రాకూడదు.

సూర్యుడి ఎత్తు రోజురోజుకూ మారేది చాలా తక్కువ కాబట్టి పరీక్ష సులువు. వారం ముందు అదే 8:10కి వెళ్ళి మైదానంలో నీడ అంచు వెంట సున్నంతో గీత గీయాలి. ఆ గీతకు ఇవతలే అన్ని బల్లలూ పెట్టాలి. అంతకు మించిన సర్వే అక్కర్లేదు.

ఇంకో చెట్టు మాత్రం కావాలి, నీడ కోసమే. వేప, కానుగ లాంటి చెట్టు మైదానం అంచున ఉంటే గ్రహణం వేళ ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు మచ్చలన్నీ నెలవంకలై పోతాయి. దీనికి పైసా ఖర్చు లేదు, కళ్ళకు ప్రమాదం లేదు. పొద్దున్నే ఆ చెట్టు కింద ఊడ్చి, తెల్లటి పంచో దుప్పటో పరిస్తే చాలు.

కళ్ళజోళ్ళు: పరీక్ష, వరస

సౌర వడపోత కళ్ళజోడు సూర్యకాంతిని సుమారు లక్షో వంతుకు తగ్గించాలి. ఐఎస్ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది ఇలాంటి వాటికే. పెట్టె మీద ఆ అంకె అచ్చయి ఉన్నంత మాత్రాన నమ్మకూడదు, ఒక్కోదాన్నీ చూడాలి. గదిలో వెలిగే ట్యూబ్‌లైటు దాంట్లోంచి కనిపిస్తే పక్కన పడేయాలి. ఫోను టార్చ్‌ని ఆనించి చూస్తే మసగ్గా ఒక చుక్క కనిపించవచ్చు. కానీ ఆ చుక్క చుట్టూ సూది పొడిచినట్టు ఇంకేవైనా చుక్కలు మెరిస్తే ఫిల్ముకు చిల్లు పడ్డట్టే. మడత పడ్డవి, అట్ట ఊడినవి, ఫిల్ము గీసుకుపోయినవి కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేయాలి. కత్తిరించకపోతే ఎవరో ఒక పిల్లవాడు చెత్తబుట్టలోంచి తీసుకుంటాడు.

వెల్డింగు అద్దమైతే 14వ నంబరే. షాపులో సులువుగా దొరికే 10, 11 నంబర్లు పనికిరావు. ఊళ్ళో వెల్డరు ‘మేం రోజూ దీంతోనే చూస్తాం’ అంటాడు. అతను చూసేది ఆర్క్‌ని, సూర్యుణ్ణి కాదు.

ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజుముక్క, నల్లని చలువ కళ్ళద్దాలు, పళ్ళెంలో పసుపు నీళ్ళు లేదా పేడ నీళ్ళు... ఇవన్నీ గేటు దగ్గరే ఆపాలి. వీటిలో నీళ్ళ పద్ధతికి పెద్దల మద్దతు ఎక్కువ కాబట్టి దాన్ని వివరంగా చెప్పగలగాలి. నీటి ఉపరితలం నిటారుగా పడ్డ కాంతిలో నూటికి 2 వంతులు తిప్పి పంపుతుంది. పొద్దుటి వాలు ఎండలో ఇంకా ఎక్కువ, 30 డిగ్రీల ఎత్తు దగ్గర నూటికి 6 వంతులు. కళ్ళజోడు వదిలేది లక్షకు ఒకటి, నీళ్ళు తిప్పి పంపేది లక్షకు 2 వేల నుంచి 6 వేలు. చురుక్కుమనదు కాబట్టి ఏమీ కాలేదనుకుంటారు. కంటి వెనక పొర అయిన రెటీనాకు నొప్పి తెలియదు. దెబ్బ తగిలిన సంగతి కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు, చూపు మధ్యలో మచ్చగా బయటపడుతుంది.

500 మందికి 500 కళ్ళజోళ్ళు అక్కర్లేదు. 60 చాలు, ఇంకో 10 చేతిలో ఉంచుకోవాలి. 5 వరసలు, వరసకు 12. ఒకేసారి 12 మంది వరసగా నిలబడి, తల దించి కళ్ళజోడు పెట్టుకుని, తలెత్తి 20 సెకన్లు చూసి, తల దించి తీసేయాలి. ‘దించు, పెట్టు, ఎత్తు... దించు, తియ్యి’ అని వరస నాయకుడు పైకి చెబుతూ ఉండాలి. కాగితం మీద నిమిషానికి 60 మంది లెక్క వస్తుంది. కళ్ళద్దాలున్న వాళ్ళు, చిన్నపిల్లలు, ‘ఇంకొక్కసారి’ అనేవాళ్ళు కలిసి దాన్ని సగానికి తెస్తారు. అంటే 500 మందికి 17 నిమిషాలు. 8:20కి ఒక విడత, 9:20కి ఒకటి, 10:30కి ఒకటి. ఈ మూడూ చూసిన పిల్లవాడికి చంద్రుడు ఏ వైపు నుంచి వచ్చి ఏ వైపుకు పోయాడో అర్థమవుతుంది. ఒక్కసారే చూస్తే కొరికిన అప్పడం బొమ్మ తప్ప ఏమీ మిగలదు.

కళ్ళజోడు పెట్టుకుని టెలిస్కోపులోంచీ బైనాక్యులర్‌లోంచీ చూడకూడదు. కటకం పోగేసిన ఎండ ఆ ఫిల్ముని క్షణంలో కాల్చేస్తుంది. టెలిస్కోపు ఉంటే ముందు భాగానికే పూర్తి వెడల్పు ఫిల్టరు బిగించాలి, గాలికి ఊడకుండా టేపు చుట్టాలి. కన్ను పెట్టే చోట బిగించే పాతకాలపు చిన్న ఫిల్టర్లు వేడికి పగిలిపోతాయి, అవి కనిపిస్తే లాక్కుని దాచేయడమే మేలు. పక్కన గురి చూసుకోవడానికి ఉండే చిన్న గొట్టం, ఫైండరుకు మూత పెట్టడం చాలామంది మర్చిపోతారు.

అద్దం, బంతి, చుట్టకుదురు

మొత్తం కార్యక్రమంలో డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చే పరికరం ఇదే. బయట ఎండలో స్టూలు మీద పెట్టిన అద్దంతో, తలుపులోంచి చీకటి గదిలో గోడ మీద జానెడు సూర్యుణ్ణి పడేసే పని. ముసలివాళ్ళు, కళ్ళజోడంటే భయపడేవాళ్ళు, చంటిపిల్లలున్న తల్లులు కూర్చుని చూడొచ్చు.

కావాల్సినవి: 5 సెం.మీ. చదరపు మామూలు అద్దం ముక్క, నల్ల చార్టు, 10 నుంచి 12 సెం.మీ. ప్లాస్టిక్ బంతి, అది నిండేంత పొడి ఇసుక, కుండ కింద పెట్టే చుట్టకుదురు, రెండువైపులా అంటుకునే టేపు, ఒక స్టూలు. చార్టులో 1 సెం.మీ. గుండ్రటి రంధ్రం చేసి అద్దానికి అంటించాలి. బంతికి చిన్న గాటు పెట్టి గరాటుతో ఇసుక నింపి మూసేయాలి. బంతి మీద అద్దం అతికించి చుట్టకుదురు మీద కూర్చోబెడితే, ఎటు తిప్పితే అటు తిరిగి, వదిలిన చోట ఆగుతుంది. ఇసుక సగమే పోస్తే బంతి తనంతట తానే దొర్లుతుంది. పూర్తిగా నింపాలి.

బొమ్మ పరిమాణం లెక్క: దూరాన్ని 108తో భాగించడమే. 10 మీటర్లకు 9 సెం.మీ., 15 మీటర్లకు 14 సెం.మీ., 20 మీటర్లకు 18 సెం.మీ. పైచిలుకు. రంధ్రం ఎంత వెడల్పో బొమ్మ అంచు అంత మసకబారుతుంది. 14 సెం.మీ. బొమ్మకు 1 సెం.మీ. మసక ఫరవాలేదు. వెలుగు సరిపోలేదని రంధ్రాన్ని 3 సెం.మీ. చేస్తే పట్టు మొదలైన పావుగంట దాకా కొరుకుడు కనిపించదు, జనం ‘ఇంకా పట్టలేదా’ అని లేచిపోతారు. వెలుగు చాలకపోతే గదిని ఇంకా చీకటి చేయాలి తప్ప రంధ్రం పెంచకూడదు. కిటికీలకు గోనెసంచుల కన్నా నల్ల పాలిథీన్ పనికొస్తుంది.

గది ఎంపికలో ఒక కిటుకుంది. సూర్యుడు ఆగ్నేయంలో ఉన్నప్పుడు అద్దం నుంచి గది కూడా ఇంచుమించు అటువైపే ఉండాలి, అంటే తలుపు ఉత్తరానికో పడమరకో తెరుచుకునే గది. అప్పుడు ఎండ అద్దం మీద నిటారుకు దగ్గరగా పడి తిరిగి వెళ్తుంది, రంధ్రం గుండ్రంగానే ఉంటుంది, గదిలోకి నేరుగా ఎండ రాదు. తూర్పు తలుపు గది ఎంచుకుంటే అద్దాన్ని బాగా ఏటవాలుగా పెట్టాల్సి వచ్చి బొమ్మ ఒకవైపు నొక్కుకుపోతుంది. అయితే ఆగ్నేయంలో ఉన్న ఆ భవనం నీడే అద్దం మీద పడే ప్రమాదం ఉంది. ఒకంతస్తు భవనమైతే నీడ 13 మీటర్లు, అద్దం 15 మీటర్ల దగ్గర, రెండు మీటర్ల తేడాతో గట్టెక్కుతాం. రెండంతస్తులదైతే 9 గంటల దాకా ఆగాల్సిందే.

ఇంకో రెండు చిక్కులు. చవక అద్దాలు అలలు తిరిగి ఉంటాయి, బొమ్మ గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా వస్తుంది. కొట్లో పది ముక్కలు కొని ముందురోజు ఒక్కోటీ గోడ మీద వేసి చూసి బాగున్నవి రెండు ఉంచుకోవాలి. రెండోది, బొమ్మ నిలవదు. 15 మీటర్ల దూరంలో నిమిషానికి సుమారు 6 సెం.మీ. పక్కకు జరుగుతుంది. ఒక మనిషి అద్దం దగ్గరే కూర్చుని నిమిషానికోసారి సర్దుతూ ఉండాలి. ఆ మనిషి టీకి లేస్తే గదిలో గోల. ఇద్దరిని వేసుకోవడమే తెలివి.

అద్దానికీ తలుపుకూ మధ్య నడుము ఎత్తున తాడు కట్టి ఎవరినీ దాటనివ్వకూడదు. ఆ వెలుగు బాటలో తల పెట్టి అద్దం వంక చూస్తే సూర్యుణ్ణి చూసినట్టే.

గోడకు తెల్ల చార్టు అంటించి, 10 నిమిషాలకోసారి ఒక పిల్లవాడి చేత పెన్సిలుతో అంచు గీయించి సమయం రాయించాలి. మూడు గంటలకు 18, 19 బొమ్మలు వస్తాయి. సాయంత్రం వాటిని వరసగా వరండాలో కడితే అదే ప్రదర్శన.

వంటింటి సామాను కూడా తెప్పించాలి. బూందీ గరిటె, పెద్ద కళ్ళ జల్లెడ, జంతికల గొట్టంలోని బిళ్ళ. బూందీ గరిటెను గోడకు రెండు మీటర్ల దూరంలో ఎండకు పట్టుకుంటే ఒక్కో చిల్లుకూ 2 సెం.మీ. లోపు నెలవంక, పదుల కొద్దీ. పిండి జల్లెడ పనికిరాదు, దాని కళ్ళు మరీ సన్నం, మరీ దగ్గర, వెలుగులన్నీ కలిసిపోతాయి. ఇంట్లో గరిటెతో సూర్యుణ్ణి చూపించిన ఇల్లాలు ఆ సంగతి పది మందికి చెబుతుంది. ఏ కరపత్రమూ అంత దూరం పోదు.

రోకలి

గ్రహణం వచ్చిందంటే పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టడం తెలుగు ఊళ్ళలో పాత అలవాటు. పట్టు వేళ నిలబడి విడుపు కాగానే పడిపోతుందని నమ్మకం. ఫోన్లు వచ్చాక ప్రతి గ్రహణానికీ వీడియోలు ఊరేగుతున్నాయి. దీన్ని ‘మూఢనమ్మకం’ అని మైకులో కొట్టిపారేస్తే ఏం జరుగుతుందో తెలిసిందే: ఎదురింటావిడ రోకలి నిలబెట్టి చూపిస్తుంది. ఆమె చూపించింది నిజం. మాట్లాడినవాడే ఓడిపోతాడు.

రోకలి ఎందుకు నిలబడుతుంది? నాలుగైదు అడుగుల కర్ర, అడుగున ఇనప పొన్ను. పొన్ను అంచు వాడకంలో అరిగి చదునవుతుంది. పొన్ను అడ్డుకొలత 5 సెం.మీ. అనుకుందాం, గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించినట్టుండే చోటు, నేల నుంచి 65 సెం.మీ. ఎత్తున ఉందనుకుందాం. రెండున్నరను 65తో భాగిస్తే వచ్చే వాలు సుమారు 2.2 డిగ్రీలు. నిటారు నుంచి అంతకన్నా తక్కువ వాలితే రోకలి నిలబడుతుంది, దాటితే పడుతుంది. రెండు డిగ్రీలంటే చిన్నదే, కానీ ఓపికున్న చేతికి కష్టం కాదు. గ్రహణం రోజున అందరికీ ఉండేదీ, మిగతా రోజుల్లో ఎవరికీ ఉండనిదీ ఆ ఓపికే.

సిమెంటు వాకిలికి నీళ్ళు పోయేందుకు నూటికి ఒకటి వాలు ఇస్తారు. అది 0.6 డిగ్రీలు, చేతిలో ఉన్న రెండు డిగ్రీల్లో పావు వంతు అక్కడే పోయింది. అందుకే ఒక ఇంట్లో నిలబడ్డ రోకలి పక్కింట్లో నిలబడదు, ‘మీ ఇంట్లో గ్రహణం పట్టలేదు’ అని ఎగతాళి. సొట్ట పడ్డ ఇత్తడి పళ్ళెం, అడుగు గుండ్రంగా అరిగిన రోకలి కూడా ఇలాగే మోసం చేస్తాయి. ఇందులో నీళ్ళ ప్రమేయం ఏమీ లేదు.

చేయాల్సిన పని ఇది. గ్రహణానికి పది రోజుల ముందు ఊళ్ళోనే మూడిళ్ళ నుంచి మూడు రోకళ్ళు అడిగి తేవాలి. సొంత రోకలి తీసుకెళ్తే ‘అడుగు చెక్కి తెచ్చారు’ అంటారు, అదీ న్యాయమే. బడి వరండాలో ఒక చోట సుద్దతో గుండ్రం గీసి, రసమట్టం (స్పిరిట్ లెవెల్) తోనో నీళ్ళ గొట్టంతోనో ఆ చోటు సమంగా ఉందో చూసి, ఒక్కో రోకలినీ ఐదుసార్లు నిలబెట్టాలి. ప్రయత్నానికి 2 నిమిషాలు గడువు. నిలబడితే ‘నిలిచింది’, లేకపోతే ‘పడింది’ అని గోడ మీద పట్టికలో రాయాలి. నిలబెట్టేది ఆ రోకలి గలవాళ్ళే అయితే ఇంకా మంచిది. ఇదే పరీక్ష గ్రహణం రోజు మధ్యకాలంలో, మళ్ళీ వారం తర్వాత. అవే రోకళ్ళు, అదే గుండ్రం, అవే చేతులు. మూడు రోజుల అంకెలు పక్కపక్కన పడ్డాక ఉపన్యాసం అవసరం ఉండదు. ఒక రోకలి మూడు రోజులూ పడిపోతే దాన్ని పట్టికలోంచి తీసేయకూడదు. దాని అడుగు ఎలా ఉందో పిల్లల చేత చూపించాలి, కిటుకంతా అక్కడే ఉంది.

గ్రహణం రోజున నిలబడ్డ రోకలిని విడుపు తర్వాత ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ కుర్చీలు వేసి ఉంచాలి. మామూలుగా ‘పడిపోయింది’ అన్న రోకలి గాలికో, తలుపు వేసిన అదురుకో, పిల్లి తగిలో పడుతుంది. ఒక్క హెచ్చరిక: రోకలి రెండు మూడు కిలోలుంటుంది, చిన్నపిల్లల నెత్తి మీద పడితే ప్రమాదం. పై కొనకు మెత్తటి తాడు వదులుగా కట్టి పై దూలానికి వేలాడదీయాలి. తాడు బిగిస్తే అదే నిలబెట్టిందంటారు, కాబట్టి అది వేలాడుతూ స్పష్టంగా కనిపించాలి.

‘సూర్యచంద్రులు ఒకే వరసలో ఉండి పైకి లాగుతారు’ అనే చదువుకున్న వివరణ కూడా ఒకటుంది, సైన్స్ మాస్టార్ల నోటే వస్తుంది. చంద్రుడి ఆటుపోట్ల బలం భూమి ఆకర్షణలో సుమారు కోటికి ఒక వంతు. సూర్యుడిది అందులో సగం. రెండూ కలిసినా కోటికి రెండు వంతులు రాదు. దాని ముందు ఈగ వాలడం పెద్ద బలం. పైగా ఆ వరస ప్రతి అమావాస్యకూ దాదాపు ఉంటుంది. అమావాస్యకోసారి రోకళ్ళు లేచి నిలబడటం లేదు కదా.

ఉష్ణోగ్రత

ఇక్కడ పిల్లలు తప్పకుండా నిరాశపడతారు. చల్లబడుతుందని చెప్పి థర్మామీటరు చేతికిస్తాం, అది 8 నుంచి 11 దాకా పెరుగుతూనే ఉంటుంది. పొద్దుటి గ్రహణంలో ఎండ పెరుగుదలా గ్రహణం తగ్గింపూ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. కనిపించేది తగ్గుదల కాకపోవచ్చు, పెరుగుదల నెమ్మదించడం మాత్రమే. అది కనిపించాలంటే 25న, 27న కూడా అదే చోట, అదే గంటల్లో కొలవాలి. థర్మామీటరు నీడలో, నేలకు 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తున, గోడకు ఆనకుండా వేలాడాలి. 10 నిమిషాలకోసారి రీడింగు. మూడు రోజుల గీతలూ ఒకే గ్రాఫు కాగితం మీద మూడు రంగుల్లో గీస్తే మధ్య గీతలో నడుము వంగిన చోటు 9:30 దాటాక కాసేపటికి దొరుకుతుంది, సరిగ్గా 9:30కి కాదు. నేల, గాలి చల్లబడటానికి కొంత సమయం పడుతుంది. మంచు పట్టిన ఉదయమైతే ఈ పోలిక చెడిపోతుంది. చెడిపోయిందని రాయడం కూడా పట్టికలో భాగమే.

తిండి, గర్భిణులు

గ్రహణం వేళ అందరి ముందూ తినడం ఈ సంస్థల పాత పద్ధతి. చెయ్యాలి, కానీ సవాలులా కాదు. అన్నం పెట్టి ‘దమ్ముంటే తినండి’ అంటే తినగలిగేవాడు కూడా వెనక్కి తగ్గుతాడు. గుగ్గిళ్ళు మేలు. 500 మందికి 20 కిలోల శనగలు, ముందురోజు రాత్రి 8 గంటలకే నానబెట్టాలి. ఉదయం ఉడకబెట్టి, పోపు మాత్రం 9 గంటలకు, గ్రహణం నడుస్తుండగా, అందరూ చూస్తుండగా పెట్టాలి. ముందే వండి తెస్తే ‘అది పట్టుకు ముందు వండిందిలే’ అని సర్దుకుంటారు. వడ్డించేచోట చేతులు కడిగే నీళ్ళు ఉండాలి. మర్నాడు ఒక్కరికి కడుపు నొప్పి వచ్చినా దాన్ని గ్రహణం ఖాతాలోనే రాస్తారు. తినను అన్నవాళ్ళను వదిలేయాలి. వాళ్ళు అక్కడికి వచ్చి నిలబడటమే చాలు.

దేవాలయాల మాట ఎత్తకపోవడం మంచిది. ఎవరైనా వాళ్ళంతట వాళ్ళే ఎత్తితే, గ్రహణానికి తిరుమల తలుపులు మూస్తారనీ శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచుతారనీ వాళ్ళకే గుర్తుచేస్తే సరిపోతుంది. పంచాంగంలోని పట్టు విడుపు సమయాలను మాత్రం ధైర్యంగా నల్లబల్ల మీద రాయొచ్చు. అవి కూడా లెక్క కట్టి వచ్చినవే, ఖగోళ శాస్త్రజ్ఞుల సమయాలతో పక్కపక్కన పెట్టి పోల్చమని పిల్లలకు ఇస్తే పెద్దలు కూడా వచ్చి చూస్తారు.

గ్రహణం మొర్రి విషయంలో తొందరపడకూడదు. గర్భిణిని మైదానంలోకి రమ్మని బలవంతం చేయడం తప్పు. రేపు బిడ్డకు ఏ చిన్న తేడా వచ్చినా ఆమె జీవితాంతం తననే నిందించుకుంటుంది. ఆమెతోనూ అత్తగారితోనూ వారం ముందే, ఇంటి దగ్గరే, ఆశా కార్యకర్త లేదా ఏఎన్ఎం చేత మాట్లాడించాలి. చెప్పాల్సినవి మూడు మాటలే. పెదవి ఏర్పడేది గర్భం 4 నుంచి 7 వారాల మధ్య, అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య. ఎనిమిదో నెలలో గదిలో కూర్చోబెట్టే నాటికి ఆ పని ఎప్పుడో అయిపోయింది, నాలుగో వారంలో ఉన్నావిడకు తను గర్భిణినన్న సంగతే తెలియకపోవచ్చు. రెండు, గ్రహణాలే కనిపించని ఏళ్ళలో కూడా మొర్రి బిడ్డలు పుడుతున్నారు, దానికి వంశపారంపర్యం, ఫోలిక్ ఆమ్లం లోపం, పొగ, కొన్ని మందులు కారణాలు. మూడు, ఆపరేషన్‌తో పెదవి సరిచేయొచ్చు, అది బిడ్డ కొద్ది నెలల వయసులోనే చేస్తారు. ఆవిడ గదిలోనే ఉంటానంటే ఉండనివ్వాలి. మూడు గంటలు నీళ్ళు, తిండి మానకుండా చూడటమే అసలు అవసరం.

మనుషులు, మబ్బులు

14 మంది కావాలి: వరసలకు 5, అద్దం గదికి 2, రోకలికి 2, థర్మామీటరుకు 1, టెలిస్కోపుకు 1, గుగ్గిళ్ళకు 2, గేటు దగ్గర సమయం చూసుకుంటూ 1. అందరూ ఒకరోజు ముందు అదే గంటల్లో మొత్తం రిహార్సల్ చేయాలి. సూర్యుడు నిండుగానే ఉంటాడు, మిగతాదంతా అదే. చిక్కుల్లో చాలావరకు రిహార్సల్లోనే బయటపడతాయి. టేపు కొనలేదని, ఆ గదికి తాళం ఎవరి దగ్గరుందో తెలియదని, మైకు తీగ అద్దం దారికి అడ్డమని.

మబ్బు పడితే రోకలి, థర్మామీటరు, గుగ్గిళ్ళు ఎలాగూ సాగుతాయి. ఒక ఫుట్‌బాలు, 25 మీటర్ల టేపు తెచ్చుకుంటే సూర్యుడు, చంద్రుడు, దూరాల నమూనా మైదానంలోనే వేయొచ్చు. 22 సెం.మీ. ఫుట్‌బాలు సూర్యుడైతే భూమి 2 మి.మీ. గింజ, దూరం 24 మీటర్లు. చంద్రుడు గింజకు 6 సెం.మీ. దూరంలో అర మిల్లీమీటరు చుక్క. ఆ చుక్క నీడ గింజను తాకడం ఎంత అరుదో అప్పుడు తెలుస్తుంది.

అదే పథకం మరో గ్రహణానికి

2020 జూన్ 21 గ్రహణం పొద్దున పదింటికి మొదలై మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక ముగిసింది. సూర్యుడు దాదాపు నడినెత్తిన. చీకటి గది పద్ధతి అక్కడ అనవసరం, అట్టకు రంధ్రం చేసి నేల మీద బొమ్మ వేసుకోవడమే సులువు. ఆ ఏడాది కోవిడ్ వల్ల జనాన్ని పోగేసే వీలు లేదు కాబట్టి ఎవరింట్లో వాళ్ళు చేసుకునే రోకలి పట్టిక, బూందీ గరిటె మాత్రమే పనికొచ్చే భాగాలు. 2022 అక్టోబర్ 25ది దీపావళి మర్నాడు సాయంత్రం, హైదరాబాద్‌లో 5 గంటల ప్రాంతంలో మొదలై సూర్యాస్తమయంతో తెరపడింది. దానికి పడమటి దిగంతం కావాలి. మైదానం కాదు, చెరువు కట్టో మేడో వెతుక్కోవాలి. కంకణ గ్రహణం మళ్ళీ దక్షిణాదిన కేరళ, తమిళనాడు మీదుగా 2031 మే 21న.

అప్పటిదాకా కళ్ళజోళ్ళు దాచే పద్ధతి: ఒక్కోదాని మధ్యా పలచని కాగితం పెట్టి, మడవకుండా, రెండు అట్టల మధ్య పరిచి, పెట్టె మీద సంఖ్య, తేదీ రాయాలి. బీరువా అడుగు అరలో పెడితే చెమ్మకు అట్ట ఊడుతుంది. పై అరలో పెట్టాలి. బంతి లోపలి ఇసుక తడిగా ఉంటే తీసి ఎండబెట్టాలి. రోకళ్ళు ఎవరివి వాళ్ళకు ఇచ్చేయాలి, గోడ మీద పట్టిక మాత్రం చెరపకూడదు.